బంటు వెనక ఏనుగు

జూన్ 2, సోమవారం

అత్తయ్యకి,

కుశల ప్రశ్నలు చివర్లో. ముందు బల్ల సంగతి.

నిన్న మా బస్సు డిపోలో చదరంగం పోటీ ఆఖరి ఆట జరిగింది. జరిగింది అనకూడదు, సగంలో ఆగింది. నాలుగు గంటలు ఆడేసరికి క్యాంటీన్ మూసే వేళయింది. కుర్చీలన్నీ బల్లల మీదికెక్కించేశారు. మేమిద్దరం కూచున్నవి తప్ప. ఇలా ఆగినప్పుడు, ఎత్తు ఎవరిదైతే వాళ్లు దాన్ని కాగితం మీద రాసి, ఎదుటివాడికి చూపించకుండా కవరులో పెట్టి అంటించాలి. పైన ఇద్దరూ సంతకాలు చెయ్యాలి. మళ్లీ ఆట మొదలయ్యేదాకా ఆ కవరు స్టోర్ కీపరు బీరువాలో ఉంటుంది. ఎత్తు నాది. రాసి అంటించేశాను. మళ్లీ కూచునేది పదిహేనో తారీకు ఆదివారం. ఈలోగా ఎవరి సలహా అయినా తీసుకోవచ్చు. నాకు ఆట నేర్పింది నువ్వు కాబట్టి ఈ ఉత్తరం.

ఎదుటివాడెవరో చెబితే నువ్వు కూడా పళ్లు కొరుకుతావు. మా టైమ్‌కీపరు! గేటు పక్క గదిలో కూచుని ఎవరు ఎన్నింటికి లోపలికొచ్చారో రాసే మనిషి. మూడు నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు సెలవు రాసేస్తాడు. చక్రం కింద పడుకుని ఒక మనిషి రెండు గంటలు ఎక్కువ పనిచేస్తే రాయడానికి మాత్రం ఆ పుస్తకంలో గడే లేదు. వెనకాల అందరూ అతన్ని 'మూడు నిమిషాలు' అంటారు. ఎదురుపడితే 'సార్' అంటారు. అదే నాకు మంట.

ఆ నిబంధన ఎత్తెయ్యమని అర్జీ రాశాను. మా టైరు సెక్షన్‌లో ఆరుగురు సంతకం చేశారు. మిగతావాళ్లు "చూద్దాంలే తమ్ముడూ" అని జారుకుంటున్నారు. భయమనేది ఒట్టి అలవాటని, కళ్లెదుట ఒక్కసారి విరిగితే చాలని ఒక చిన్న పుస్తకంలో చదివాను. ఆ మాటల కింద పెన్సిల్‌తో గీత కూడా గీసుకున్నాను. అతన్ని అందరి ముందూ బల్ల మీద ఓడించానా, అర్జీ మీద అరవై సంతకాలు పడతాయి. పెద్ద ఫిట్టరంతటివాడు చెప్పాడు: "నువ్వు గెలువురా, మర్నాడు మొదటి సంతకం నాది." కాబట్టి ఇది ఆట కాదత్తయ్యా.

ముప్పై ఎనిమిదో ఎత్తు దగ్గర అతను "సమానం అనుకుందామా?" అని చెయ్యి చాపాడు. నాకు ఒక బంటు ఎక్కువుండగా రాజీ! "వద్దు" అన్నాను, కాస్త గట్టిగానే. అంతకుముందు ఇంకో మాటన్నాడు. నేను పావు కదుపుతుంటే చూసి, "పైకెత్తి పెట్టవేం బాబూ, బొత్తాలు జరిపినట్టు జరుపుతావు?" అని. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పావులు కొనే స్తోమత లేని ఇంట్లో నేర్చుకున్నానని ఎత్తిపొడుపు. నా చెవులు కాలిపోయాయి.

స్థితి ఇది. చెరొక ఏనుగు. అతనికి మూడు బంట్లు, నాకు నాలుగు. నా నాలుగోది ఎడమ అంచు వరసలో ఒంటరిగా ఉంది, దానికి అడ్డొచ్చే బంటు లేదు. ఇంకా మూడు గడులు నడిస్తే మంత్రి. నా ఏనుగు దానికి ముందుంది. బొమ్మ వెనక గీశాను. కవరులో రాసింది ఆ బంటునే ఒక గడి ముందుకి. సరైనదేనా? అంటించిన దగ్గర్నుంచీ అరికాళ్ల కింద ముళ్లున్నట్టుంది.

జవాబు డిపోకే రాయి.

నీ నడుమూ నీ కత్తెరా బాగున్నాయనుకుంటూ,
అగ్గిపుల్ల

*

జూన్ 6

ఒరేయ్ అగ్గిపుల్లా,

నడుము ఫరవాలేదు, కత్తెరే మొద్దుబారింది. బడులు తెరిచే రోజులు కదా, ఒక పక్క నలభై నిక్కర్లు, ఒక పక్క నీ ఆట. కత్తిరింపు బల్ల మీద సుద్దతో గడులు గీసి బొత్తాలు పేర్చాను. చొక్కా బొత్తాలు నీవి, కోటు బొత్తాలు అతనివి. కొలతలివ్వడానికొచ్చిన ఒకాయన పావుగంట నించుని చూసి, "ఇదేం డిజైనమ్మా, కొత్తగా ఉందీ?" అని అడిగి, తన కోటుకి మాత్రం అది వద్దని చెప్పి వెళ్లాడు.

నీ ఎత్తు చెడ్డది కాదు. తొందర ఎత్తు. నువ్వు ముందు రాజుని నడపాల్సింది. ఇప్పుడేమవుతుందో చెబుతాను. నువ్వు బంటుని జరపగానే అతను కుడి పక్కనున్న తన బంటునొకదాన్ని నీకు వదిలేస్తాడు. నువ్వు దాన్ని తినేలోగా తన ఏనుగుని తెచ్చి నీ అంచు బంటు వెనక కూచోబెడతాడు. ఇక నీ ఏనుగు దాని ముందు, అతని ఏనుగు దాని వెనక. నీది కదిలిందంటే బంటు పోతుంది. రెండు బంట్లు ఎక్కువున్నా నువ్వు గెలవలేవు. అతను ఆ ఎత్తు చూడకపోతే గెలుస్తావు. కానీ అతను చూస్తాడు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడంటే చూసేశాడనే లెక్క.

బొత్తాల మాట ఎత్తిపొడుపని ఎందుకనుకున్నావు? నువ్వు జరుపుతావు మరి. నేనూ జరుపుతాను. బొత్తాన్ని ఎవరు పైకెత్తుతారు?

వేళకి తిను. కరపత్రాలు కడుపు నింపవు.

అత్తయ్య

(విడిచీటీ)

ఇంకొక మాట. అతను మళ్లీ సమానం అంటే ఒప్పుకో. ఒప్పుకుంటే నీ ముక్కేమీ ఊడి పడదు.

*

జూన్ 10

అత్తయ్యకి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి మూడు చింపాను. ఇది నాలుగోది, కాబట్టి మర్యాదగానే ఉంటుంది.

నేను రాసే ప్రతి ఉత్తరానికీ నకలు ఉంచుకుంటాను. నీకు రాసిన దాని నకలు మూడుసార్లు చదివాను. టైమ్‌కీపరుకి కళ్లద్దాలున్నాయని నేనెక్కడా రాయలేదు. వాటిని చొక్కా అంచుతో తుడుచుకుంటాడనీ రాయలేదు. తుడుచుకుంటాడు. నిజమే. నీకెలా తెలుసు?

రెండోది. నీ కవరు విప్పి మళ్లీ అంటించినట్టుంది. మూత చివర గట్టిపడిన జిగురు పొక్కు కట్టింది, గీరితే పొడి పొడిగా రాలింది. తపాలా ఆఫీసు కవర్ల జిగురు అలా ఉండదు. మా డిపోకొచ్చే ఉత్తరాలన్నీ ముందు ఎక్కడికొస్తాయో తెలుసా? టైమాఫీసుకి. సెక్షన్లవారీగా సర్ది పంపించేది అతనే. నీ ఉత్తరం మధ్యాహ్నం దాకా అతని బల్ల మీద ఉంది.

మూడోది, ఇదే నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఆ విడిచీటీ. ఉత్తరం నీలం సిరా, చీటీ నల్ల సిరా. ఉత్తరమంతా నా బుర్రకి పదును పెట్టి, చీటీలో మాత్రం "ఒప్పుకో" అంటావా? ఇది నువ్వే రాశావా? దస్తూరీ నీదే. పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చాను. నీదే అయితే ఇంకా ఘోరం. నా చిన్నప్పుడు ఆట సగంలో లేచిపోతే చెవి మెలేసి మళ్లీ కూచోబెట్టిన మనిషివి, ఇప్పుడు రాజీ పడమంటున్నావు. పైగా "చూడొచ్చు" అని కాదు, "చూస్తాడు" అని రాశావు. అతని బుర్ర నీ చేతి సంచిలో ఉన్నట్టు.

సూటిగా అడుగుతున్నాను. అతను నీకు తెలుసా? తెలిస్తే ఎవరివైపున్నావు?

ఇకమీదట డిపోకి రాయకు. నా గది కింద ఇస్త్రీ దుకాణం ఉంది, కింద ఆ చిరునామా ఇస్తున్నాను. ఇస్త్రీ ఆయనకి చదువు రాదు. ఆ ఒక్క కారణంగానే నాకిప్పుడు లోకంలో నమ్మకమైన మనిషి ఆయన.

నీ మేనల్లుడు

*

జూన్ 13

అబ్బాయ్,

అతను నాకు తెలుసు. అంతకు మించి ఇప్పుడు రాయను. ఆటకి ముందు నీ తలలో ఇంకో గొడవ పెట్టడం నాకిష్టం లేదు. ఆడేసి రా, చెబుతాను.

ఎవరివైపున్నానని అడిగావు చూడు, ఆ వాక్యాన్ని నీ నకలులో ఎర్ర సిరాతో గీసిపెట్టుకో. ఎప్పుడో ఒకప్పుడు చదువుకుని సిగ్గుపడుదువుగాని.

అత్తయ్య

*

జూన్ 15, ఆదివారం సాయంత్రం

అత్తయ్యకి,

నీ దగ్గర్నుంచి జవాబు రాలేదు. రాకపోవడమే జవాబనుకున్నాను.

ఓడిపోయాను.

స్టోర్ కీపరు బీరువా తీసి అందరి ముందూ కవరు చింపాడు. నా ఎత్తు చదివాడు. బంటు ఒక గడి ముందుకి. మూడు నిమిషాలాయన కళ్లద్దాలు తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు. గడియారం చూశాను, అర నిమిషం కూడా కాలేదు. కుడి పక్క బంటుని నాకొదిలేసి ఏనుగుని కదిపాడు. నువ్వు రాసిన ఎత్తే, గడి కూడా తేడా లేదు! రెండు ఎత్తుల తరవాత అది నా బంటు వెనక కూచుంది. నాలుగు గంటలు తల పట్టుకుని ఆడిన మనిషి ఆ ఎత్తు మాత్రం అర నిమిషంలో వేశాడు, ఇంట్లో పాఠం అప్పజెప్పినట్టు.

అక్కణ్నుంచి నాకు బల్ల కనపడలేదు. నీ ఉత్తరమే కనపడింది. అతను "సమానం?" అన్నాడు. వద్దన్నాను. కాసేపాగి మళ్లీ "సమానం చేసుకుందాం బాబూ" అన్నాడు, చాలా మెల్లగా. అప్పుడిక రక్తం తలకెక్కింది. బంటుకి సాయంగా నా రాజుని ఎడమ పక్కకి పరిగెత్తించాను. అతని రాజు తాపీగా కుడి పక్కకి నడుచుకుంటూ వెళ్లి నా బంట్లని ఒక్కొక్కటే ఏరుకున్నాడు. చివరికి అతని బంటు మంత్రయింది.

లేచి అందరి ముందూ అడిగేశాను: "నా ఉత్తరం విప్పి చదివారా లేదా?" అతను పావుల్ని పెట్టెలో సర్దుతూ "ఏ ఉత్తరం?" అన్నాడు. తల కూడా ఎత్తలేదు. తప్పు చెయ్యనివాడు తలెత్తడా? పెద్ద ఫిట్టరు నా భుజం మీద చెయ్యేసి బయటికి తీసుకొచ్చి, "నాదీ ఒక ఉత్తరం పోయింది రా, పోయినేడాది" అన్నాడు. ఇంకో ఇద్దరు కూడా అలాగే అన్నారు. చూశావా!

కరపత్రం రాశాను. పేరు 'మన ఉత్తరాలు ఎవరు చదువుతున్నారు?' యాభై కాపీలు తీయించాను. రేపు పొద్దున మొదటి షిఫ్టు రాకముందే గేటుకి అంటిస్తున్నాను. ఒకటి మేనేజరు గదికి కూడా పంపిస్తున్నాను. ఇలాంటి మనిషి ఆ కుర్చీలో ఉండడానికి వీల్లేదు.

ఇక మిగిలింది నువ్వు. అతను విప్పి చదివి ఉండాలి, లేదా నువ్వే చెప్పి ఉండాలి. మూడో దారి నాకు కనపడడం లేదు. నీకు కనపడితే రాయి.

సంతకం పెట్టాలనిపించడం లేదు.

*

జూన్ 18

నాన్నా,

నీ ఉత్తరం ఇవాళే అందింది. ఈ పాటికి అంటించేసే ఉంటావు. నా పదమూడో తారీకు ఉత్తరం నీ ఆట అయిపోయాక చేరి ఉంటుంది. నేను ఆరో తారీకు ఉత్తరంలోనే నోరు విప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. ఆ తప్పు నాది. మిగతావి విను.

కవరు విప్పింది నేను. తపాలా పెట్టె దాకా వెళ్లి, నీ మొండితనం గుర్తొచ్చి వెనక్కొచ్చాను. దుకాణంలో నిలబడే విప్పి, చేతికందిన నల్ల కలంతో చీటీ రాసి లోపల పెట్టాను. మూత మళ్లీ అంటుకోకపోతే కాలర్లలో గట్టి గుడ్డ అతికించే మైదా జిగురు పూశాను. ఎండితే పొక్కు కడుతుంది, గీరితే రాలుతుంది. నా దుకాణంలో ఏ కాలరు విప్పి చూసినా అదే జిగురు. నీ చొక్కా కాలరు విప్పి చూసుకో, అదీ నేనే కుట్టాను.

ఇక మూడో దారి. ఇరవై ఒక్క ఏళ్ల కిందట నేను పన్నెండుమంది దర్జీలున్న దుకాణంలో పనిచేసేదాన్ని. కొలతలు పుస్తకంలో రాయడానికి ఒక మనిషి ఉండేవాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కత్తిరింపు బల్ల మీద సుద్దతో గడులు గీసి, బొత్తాలు పేర్చి నాకు చదరంగం నేర్పింది అతనే. బంటు వెనక ఏనుగు అని నేను నీకు రాశానే, అది నా తెలివి కాదు, అతని పాఠం. అలా బంటునొదిలేసి ఏనుగుని తిప్పుకొచ్చి నన్ను ఎన్నిసార్లు ఏడిపించాడో! నువ్వు బొత్తాల మాట రాయగానే నాకు చెయ్యి ఆగిపోయింది. నువ్వు జరిపే తీరు చూసి అతను నిన్ను పోల్చుకున్నాడు. నీకు వినపడింది ఎత్తిపొడుపు. అతను అడిగింది మాత్రం, ఎవరి దగ్గర నేర్చుకున్నావని.

ఆ ఎత్తు వెయ్యడానికి అతనికి నా ఉత్తరం అక్కర్లేదు. అర నిమిషం పట్టిందంటే వయసు మీదపడిందని అర్థం.

మరి ముందే ఎందుకు చెప్పలేదంటావు. చెప్పాలంటే మిగతాది కూడా చెప్పాలి కనక. ఆ రోజుల్లో ఒకనాడు మేమందరం పని ఆపేద్దామని మెట్ల కింద గుమిగూడి మాట్లాడుకున్నాం. మర్నాడు యజమాని కొత్తవాళ్లని నలుగుర్ని తెచ్చి తలుపు దగ్గర నిలబెట్టాడు. ముందు రోజు సాయంత్రం ఆ కొలతల మనిషి యజమాని గదిలోంచి రావడం నేను చూశాను. నీలాగే నాకూ మూడో దారి కనపడలేదు. నేను గోడకి అంటించలేదు. నలుగురికి చెప్పాను. అది చాలింది. వారం తిరక్కుండా అతని బల్ల దగ్గర కూచోవడం అందరూ మానేశారు. పదో రోజున అతను ఊళ్లోంచే వెళ్లిపోయాడు.

రెండేళ్లకి యజమాని ఏదో మాటల సందర్భంలో నవ్వుతూ చెప్పాడు. ఆ రోజు పై గది కిటికీ తెరిచి ఉందట, మెట్ల కింద మేం మాట్లాడుకున్నదంతా తనకే వినపడిందట. అతను ఆ సాయంత్రం వెళ్లింది వాళ్లమ్మ ఆసుపత్రిలో ఉంటే సెలవడగడానికి. అప్పుడైనా నేను అతని ఆచూకీ తీసి ఒక్క ముక్క రాసి ఉండాల్సింది. రాయలేదు. రేపు రాద్దామనుకున్నాను. అలా ఇన్నేళ్లు.

నిన్ను ఏం చెయ్యమని చెప్పను. నీకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు. ఏం జరిగిందో రాయి.

అత్తయ్య

*

జూన్ 25

అత్తయ్యా,

నీ ఉత్తరం శనివారం అందింది. చదివి కాలరు విప్పాను. గీరాను. రాలింది.

సోమవారం పొద్దున మేనేజరు విచారణ పెట్టాడు. నన్ను లోపలికి పిలిచి "కూచో బాబూ" అన్నాడు. మూడేళ్లలో ఆ గదిలో నాకు కుర్చీ చూపించడం అదే మొదటిసారి. "నీలాంటి చురుకైన కుర్రాళ్లే మనకి కావాలి" అన్నాడు. నా తరఫున వాంగ్మూలం టైపు చేయించి సిద్ధంగా ఉంచాడు. 'టైమ్‌కీపరు నా ఉత్తరం విప్పి చదువుతుండగా కళ్లారా చూశాను' అని ఉంది అందులో. నేను చూడలేదన్నాను. "చూసినంత పని కదా" అన్నాడు. ఆ కాగితం కింద ఇంకో కాగితం పై సగం కనపడింది. టైమ్‌కీపర్ని తీసేసి ఇంకెవర్నో వేసే ఉత్తర్వు. దాని మీద తేదీ జూన్ 14. నేను కరపత్రం అంటించింది పదహారున! వాళ్లకి కారణం ఒక్కటే తక్కువైంది, అది నేను యాభై కాపీలు తీసి పట్టుకెళ్లి ఇచ్చాను.

తెల్ల కాగితం అడిగి నేనే రాశాను. 'నా ఉత్తరం విప్పిందీ అంటించిందీ మా అత్తయ్య. కరపత్రంలో రాసింది నా అనుమానం, నేను చూసింది కాదు. ఆట నేను ఆడలేక ఓడాను.' సంతకం చేసి, ఇంకో కాపీ రాసి గేటు మీద కరపత్రం ఉన్నచోటే అంటించాను. మేనేజరు మొహం చూడాల్సింది నువ్వు. కుర్చీలోంచి లేవమని చెప్పలేదు కానీ, నేనే లేచాను.

ఆయన్ని తీసెయ్యలేదు. గేటు దగ్గర ఇప్పటికీ ఆయనే ఉన్నారు. కానీ ఎన్నాళ్లుండనిస్తారో నాకు నమ్మకం లేదు.

నా సంగతి అడగకు. పెద్ద ఫిట్టరు అందరి ముందూ "ఎవరికి అమ్ముడుపోయావురా?" అన్నాడు. మేనేజరు గదిలో నాకు కుర్చీ వేశారన్న సంగతి అప్పటికే షెడ్డంతా పాకింది. కుర్చీ ఎందుకేశారో చెప్పబోయాను. ఎవరూ వినలేదు. టైరు సెక్షన్‌లో ఆరు సంతకాల్లో నాలుగు కొట్టేయించుకున్నారు. మధ్యాహ్నం నా పక్కన కూచుని తినేవాళ్లు కిటికీ పక్కకి మారారు. నేను ఏదైనా అంటే ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటున్నారు. అర్జీ మాత్రం చింపలేదు. ఇద్దరితోనే మళ్లీ మొదలుపెడతాను.

సోమవారం సాయంత్రం టైమాఫీసుకి వెళ్లి తలుపు దగ్గరే నిలబడ్డాను. లోపలికి రమ్మన్నారు.

"మొదటి రోజే తెలిసింది కదా మీకు, నేనెవరి తాలూకో. చెప్పలేదేం?" అన్నాను.

"చెబితే నమ్మేవాడివా? ఆటలో తగ్గమని అడుగుతున్నాడనుకునేవాడివి."

అనుకునేవాణ్నే. "మరి ఆఖరి రోజు రెండుసార్లు సమానం ఎందుకన్నారు?"

"నువ్వు ఓడిపోతావని తెలుస్తోంది కనక. నీ రాజు ఎటు పరిగెత్తబోతున్నాడో నీకు తప్ప అందరికీ కనపడుతోంది."

మీ దుకాణం సంగతి నేనే ఎత్తాను. కిటికీ సంగతీ, ఆసుపత్రి సంగతీ. ఆయన చాలాసేపు పుస్తకంలో గీతలు గీస్తూ కూచున్నారు. "అయితే తెలిసిందన్నమాట" అన్నారు. కోపమో, ఊరటో నాకర్థం కాలేదు. "ఎప్పుడు తెలిసింది?" అని అడిగారు. రెండేళ్లకే తెలిసిందట అని చెప్పాను. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదేమో. కలం మూత పెట్టేశారు.

"నేను రాస్తే మీ అత్తయ్య విప్పి చదువుతుందా?" అన్నారు కొంతసేపటికి.

ఏమో అన్నాను. నిజంగానే ఏమో.

నిన్న పొద్దున హాజరు వేయించుకుని వస్తుంటే పిలిచి ఒక కవరు చేతిలో పెట్టారు. తపాలాలో వెయ్యకుండా నాకెందుకిచ్చారని నిన్నంతా ఆలోచించాను. పరీక్షా? శిక్షా? లోపల ఏముందో, క్షమించారో తిట్టారో, దీపానికెదురుగా పట్టుకుంటే కొంచెం కనపడేది కూడా. పట్టుకోలేదు. అంచులు నాలుగూ నాలుగుసార్లు చూశాను. నేను చూసింది అంతే.

ఇందులోనే పెడుతున్నాను. రెండు రోజులు నా చొక్కా జేబులో ఉంది. నేను విప్పలేదు. నమ్ము.

నీ అగ్గిపుల్ల